అన్నపూర్ణ సర్క్యూట్ ప్లాన్ చేసుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మొత్తం ఎంత నడవాలి?

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే దారి ఇది. తూర్పున బేసిసహర్ (760 మీటర్లు) దగ్గర మొదలై మర్స్యాంగ్దీ నది వెంట పైకి పోతుంది. మనాంగ్ దాటాక 5416 మీటర్ల ఎత్తున ఉన్న తోరంగ్ లా కనుమ ఎక్కి, అవతల ముక్తినాథ్ వైపు దిగి, కాళీగండకి లోయలో పడుతుంది. పాతకాలం లెక్కన నయాపుల్ దాకా నడిచేవారు. ఇప్పుడు ఎక్కువమంది జోమ్‌సోమ్‌లో ఆపేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారన్నదాన్ని బట్టి 160 నుంచి 230 కిలోమీటర్లు వస్తుంది. చామే దాకా జీపులో వెళ్తే ఇంకా తక్కువ.

జీపు రోడ్డు వేసేశారట కదా, ఇంకా నడవడం ఎందుకు?

తూర్పున మనాంగ్ దాకా, పడమట ముక్తినాథ్ దాకా జీపులు తిరుగుతున్న మాట నిజమే. అయితే రోడ్డును తప్పించి నడిచే దారులు చాలాచోట్ల ఉన్నాయి. రాళ్ల మీద, చెట్ల మీద ఎరుపు-తెలుపు పట్టీ కనిపిస్తే అది ప్రధాన నడక దారి, నీలం-తెలుపు అయితే పక్కదారి. పీసాంగ్ నుంచి మనాంగ్ వెళ్లేటప్పుడు కింది రోడ్డు పట్టుకోకండి. అప్పర్ పీసాంగ్, ఘ్యారు, ఙవల్ మీదుగా పోయే పైదారి పట్టుకోండి. అన్నపూర్ణ-2, గంగాపూర్ణ శిఖరాలు ఎదురుగా ఉంటాయి. అంతకన్నా ముఖ్యంగా, రాత్రి 3660 మీటర్ల దగ్గర పడుకుని మర్నాడు 3540కి దిగుతారు కాబట్టి ఒళ్లు ఎత్తుకు బాగా అలవాటు పడుతుంది. రెండు దారుల్లో ఏది అని ఎవరైనా అడిగితే మేం రెండో ఆలోచన లేకుండా పైదారే చెప్తాం.

ఎన్ని రోజుల ప్లాన్ వేసుకోవాలి?

చాలామంది కిలోమీటర్లు లెక్కేసి, రోజుకు 15 చొప్పున భాగించి ప్లాన్ తయారుచేస్తారు. లోయలో అది నడుస్తుంది, 3000 మీటర్లు దాటాక నడవదు. అక్కడ లెక్క వేయాల్సింది రాత్రి పడుకునే ఎత్తు. నిన్న పడుకున్న చోటికన్నా ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో రెండో రాత్రి గడపాలి. ఈ లెక్క ప్రకారం వేసిన ప్లాన్ ఇలా ఉంటుంది. ఎత్తులన్నీ మీటర్లలో, కొంచెం అటూ ఇటూగా:

1వ రోజు: బేసిసహర్ నుంచి జీపులో జగత్ (1300)
2: ధారాపాని (1860)
3: చామే (2670)
4: అప్పర్ పీసాంగ్ (3300)
5: ఘ్యారు మీదుగా ఙవల్ (3660)
6: మనాంగ్ (3540)
7: మనాంగ్‌లోనే
8: యాక్ ఖర్కా (4050)
9: తోరంగ్ ఫేది (4450)
10: కనుమ దాటి ముక్తినాథ్ (3760)
11: కాగ్‌బేని మీదుగా జోమ్‌సోమ్ (2720)
12: పోఖరా

చామే నుంచి అప్పర్ పీసాంగ్‌కు 600 మీటర్ల పైన పెరుగుతుంది. అక్కడే తలనొప్పి మొదలైతే మర్నాడు ఙవల్ వెళ్లకుండా పీసాంగ్‌లోనే ఇంకో రాత్రి ఉండండి. ఈ పన్నెండింటికి కనీసం రెండు, వీలైతే మూడు ఖాళీ రోజులు కలపండి. వాటిని చివర పోఖరాలో తిరగడానికి అట్టేపెట్టుకోకండి, అవి మనాంగ్‌కు, ఫేదికి మధ్య ఖర్చుపెట్టుకోవడానికి. హైదరాబాద్‌లో బయల్దేరి తిరిగి ఇల్లు చేరేదాకా 17, 18 రోజుల సెలవు కావాలి. 12 రోజుల సెలవే దొరికితే ఈ దారి వదిలేసి పూన్ హిల్ లాంటి తక్కువ ఎత్తు ట్రెక్ చూసుకోండి.

మనాంగ్‌లో రెండో రోజు గదిలో పడుకోవడం విశ్రాంతి కాదు. గంగాపూర్ణ సరస్సు మీది గట్టు ఎక్కి దిగండి, ఓపికుంటే 4600 మీటర్ల దగ్గరున్న ఐస్ లేక్ దాకా పోయి రండి. పగలు పైకెక్కి రాత్రికి కిందికొచ్చి పడుకుంటే శరీరం త్వరగా సర్దుకుంటుంది.

ముక్తినాథ్ వైపు నుంచి ఎక్కి మనాంగ్ వైపు దిగకూడదా?

దిగొచ్చు గానీ, మొదటిసారి వెళ్లేవారికి వద్దు. ముక్తినాథ్ నుంచి కనుమకు ఒక్క రోజులో 1650 మీటర్లు ఎక్కాలి. మధ్యలో చారాబు దగ్గర తప్ప సరైన బస లేదు. మనాంగ్ వైపైతే యాక్ ఖర్కా, లేదర్, ఫేది, హై క్యాంప్ అంటూ మెట్లు మెట్లుగా ఆగే చోట్లున్నాయి. ఒంట్లో బాగోలేకపోతే వెనక్కి దిగడమూ అటే సులువు.

ఏ నెలల్లో వెళ్లాలి?

అక్టోబర్, నవంబర్ మొదటిది. మార్చి నుంచి మే మొదటి వారాల దాకా రెండోది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు మనాంగ్ వర్షచ్ఛాయలో ఉండటం వల్ల పైన పొడిగానే ఉంటుంది. కానీ అక్కడికి చేరాలంటే కింది లోయలో జలగలు, విరిగిపడే కొండచరియలు దాటాలి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచుతో కనుమ ఎప్పుడు మూసుకుంటుందో చెప్పలేం, పై బసలు కూడా కొన్ని మూసేస్తారు. అక్టోబర్‌లో వెళ్తే దశైం, తిహార్ పండగల తేదీలు చూసుకోండి. ఆ రోజుల్లో కాఠ్‌మాండూ నుంచి బస్సుల్లో సీటు దొరకదు.

అక్టోబర్ మంచి సీజనే అయితే 2014 అక్టోబర్‌లో మంచు తుఫానులో అంతమంది ఎలా చనిపోయారు?

మన తీరం వాళ్లు ఈ జవాబు శ్రద్ధగా చదవాలి. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను బలహీనపడుతూ ఉత్తరానికి పోయి, 14న హిమాలయాలకు గుద్దుకుంది. తోరంగ్ లా మీద గంటల్లోనే మీటరుకు మించిన మంచు కురిసింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. అప్పటికే పైకెక్కిన వాళ్లలో చాలామంది కనుమ మీది చిన్న టీ కొట్టులో తలదాచుకుని, తర్వాత దారి కనపడని మంచులోకి దిగడానికి బయల్దేరారు.

బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం అక్టోబర్, నవంబర్. అదే ట్రెక్కింగ్ సీజన్. కాబట్టి చామేలోనో మనాంగ్‌లోనో సిగ్నల్ దొరికినప్పుడు భారత వాతావరణ శాఖ తుఫాను దారి పటం చూడండి. ఆంధ్ర, ఒడిశా తీరం దాటాక గీత ఉత్తరప్రదేశ్, నేపాల్ వైపు తిరుగుతున్నట్టుంటే మనాంగ్ దాటి పైకి పోకండి. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పి ఉంచండి, వాళ్లకు టీవీలో ముందే తెలుస్తుంది. భారీగా మంచు పడితే ఆకాశం తేలగానే పరుగెత్తకూడదు, మంచు చరియలు విరిగిపడేది అప్పుడే. ఒకటి రెండు రోజులు ఆగి, ముందు ఇతరులు తొక్కిన బాట పడ్డాక కదలండి. ఖాళీ రోజులు కావాలని అంతగా చెప్పింది ఇందుకే.

ఎత్తు జబ్బును ఎలా గుర్తుపట్టాలి?

2500 మీటర్లు దాటాక తలనొప్పి వచ్చి, దానికి వికారమో, ఆకలి చావడమో, కళ్లు తిరగడమో, మామూలుకు మించిన అలసటో తోడైతే అది ఎత్తు జబ్బేనని అనుకోండి. నీళ్లు తక్కువై ఉంటుంది, ఎండ తగిలి ఉంటుంది అని సర్ది చెప్పుకోవడం వల్లే చాలా కేసులు ముదురుతాయి. లీటరు నీళ్లు తాగి, పారాసెటమాల్ వేసుకుని గంట సేపు చూడండి. తగ్గిపోతే సరే, ఆ రాత్రి అక్కడే ఉండండి. తగ్గకపోతే మర్నాడూ పైకి వద్దు. అక్కడే ఉన్నా ముదురుతుంటే కిందికి దిగాలి.

ప్రాణం తీసేవి రెండు. మెదడు వాచినప్పుడు మాట తడబడుతుంది, మనిషి తాగినవాడిలా ఊగుతాడు. మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు సరళరేఖ మీద నడవమనండి. నడవలేకపోతే పరీక్ష అయిపోయినట్టే. ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు వస్తుంది, పెదవులు నీలంగా మారతాయి. ఈ రెండింటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే దింపాలి. ఒంటరిగా పంపకూడదు. తెల్లారేదాకా చూద్దాం అనే మాట వద్దు. 500 నుంచి 1000 మీటర్లు దిగితే చాలామందికి తేడా కనిపిస్తుంది.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ చికిత్సా కేంద్రం ఉంది. వసంతం, శరత్తు సీజన్లలో డాక్టర్లు ఉంటారు, మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి చెప్తారు. ఏడో రోజు అక్కడ కూర్చోండి. గుంపులో ఎవరైనా తమకు ఒంట్లో బాగోలేని సంగతి దాస్తున్నారన్న అనుమానం ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లండి. ఫ్రెండ్స్ గుంపులో అసలు ప్రమాదం అదే. తన వల్ల అందరి ప్లాన్ పాడవుతుందని తలనొప్పిని మింగేసేవాళ్లు ప్రతి గుంపులో ఒకరైనా ఉంటారు.

డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర) వేసుకోవాలా?

సాధారణంగా ముందుజాగ్రత్తకు ఇచ్చే మోతాదు 125 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. ఎత్తుకు వెళ్లడానికి ముందు రోజు మొదలుపెడతారు. వేళ్లు తిమ్మిరెక్కడం, ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లాల్సి రావడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి. ఈ మాత్ర ఎత్తుకు అలవాటు పడటాన్ని తొందరచేస్తుంది గానీ మీ ప్లాన్‌లో రోజులు తగ్గించుకోవడానికి అనుమతి ఇవ్వదు. నిద్ర మాత్రలు, మద్యం కనుమ దాటేదాకా ముట్టకండి. రెండూ రాత్రిపూట శ్వాసను నెమ్మది చేస్తాయి.

పర్మిట్లు ఏవి? గైడ్ తప్పనిసరా?

భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవాళ్లకు పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు ఆధార్ ఒక్కటే చాలదు.

అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం ప్రవేశ పర్మిట్ (ఏక్యాప్) భారత్ సహా సార్క్ దేశాల వాళ్లకు 1000 నేపాలీ రూపాయలు, ఇతరులకు 3000. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న తెలుగువాళ్లు రెండో లెక్కలోకి వస్తారు. దీనితో పాటు ట్రెక్కర్ల వివరాలు నమోదు చేసే టిమ్స్ కార్డు తీసుకోవాలి. కాఠ్‌మాండూలో భృకుటీమండప్ దగ్గరి కార్యాలయంలో, పోఖరాలో డ్యామ్‌సైడ్‌లో ఇస్తారు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు నాలుగు దగ్గర ఉంచుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీయులు లైసెన్సున్న గైడ్‌తోనే వెళ్లాలన్న నిబంధన వచ్చింది, మనమూ అక్కడ విదేశీయులమే. రిజిస్టరైన ఏజెన్సీ ద్వారా గైడ్‌ని మాట్లాడుకుంటే టిమ్స్ వాళ్లే చూస్తారు. గైడ్‌కు రోజుకు సుమారు 25 నుంచి 35 డాలర్లు, పోర్టర్‌కు కొంచెం తక్కువ. గైడ్ తిండి, బస, బీమా అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. పోర్టర్‌కు చలికోటు, బూట్లు, గ్లవ్స్ ఉన్నాయో లేదో బేసిసహర్‌లోనే చూడండి. కనుమ మీద చూసి లాభం లేదు.

డబ్బు ఎంత, ఏ రూపంలో తీసుకెళ్లాలి?

1 భారత రూపాయి 1.60 నేపాలీ రూపాయలు, ఈ మారకం స్థిరం. తిండికి, గదికి, టీకి కలిపి మనిషికి రోజుకు సుమారు 3500 నుంచి 4500 నేపాలీ రూపాయలు వేసుకోండి. మనాంగ్ దాటాక ఇంకొంచెం పెరుగుతుంది. గది అద్దె తక్కువ, కానీ రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ అక్కడే తినాలన్నది బసల నియమం. మొత్తం నగదు కాఠ్‌మాండూలోనో పోఖరాలోనో తీసుకుని రెండు సంచుల్లో పెట్టుకోండి. యూపీఐ నగరాల్లో కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది, కొండ మీద దాన్ని నమ్ముకోకండి. దారిలోని ఏటీఎంలు కూడా అంతే: కరెంటు లేకపోతే లేవు. సిమ్ కార్డు విషయంలో మనాంగ్ వైపు నేపాల్ టెలికాం మేలు.

తెలుగు రాష్ట్రాల నుంచి ఎలా చేరుకోవాలి?

విమానమైతే హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా కాఠ్‌మాండూ. అక్కడి నుంచి ముగ్లింగ్, డుమ్రే మీదుగా బేసిసహర్‌కు బస్సు, రోడ్డు పనుల్ని బట్టి ఒక పగలంతా పడుతుంది. రైలైతే విజయవాడ, వరంగల్ మీదుగా పోయే రాప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు దాటి పోఖరా. ఖర్చు తగ్గుతుంది గానీ రోజులు తింటుంది.

సంచిలో ఏం ఉండాలి?

నీళ్లు కాకుండా 8 నుంచి 10 కిలోలు. నడవడానికి రెండు జతలు, పడుకోవడానికి పొడిగా ఉంచుకునే ఒక జత. ఒంటికి అంటుకుని చెమట లాగే పొర, మీద ఫ్లీస్ (ఉన్నిలాంటి వెచ్చని చొక్కా), ఆ పైన డౌన్ జాకెట్ (పక్షుల మెత్తటి ఈకలు నింపిన కోటు), అన్నిటి మీద గాలీ వానా ఆపే పొర. కాటన్ బనియన్లు, జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, చలి పట్టేది వాటివల్లే. మైనస్ 10 డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్ (కాఠ్‌మాండూ థమేల్‌లో అద్దెకు దొరుకుతుంది), పలుచటి గ్లవ్స్ మీద మందపాటి గ్లవ్స్, హెడ్ టార్చ్, యూవీ ఆపే కళ్లద్దాలు, రెండు నడక కర్రలు, బూట్ల కింద తొడిగే మైక్రోస్పైక్స్. కళ్లద్దాలు పోర్టర్‌కు కూడా. బూట్లు బయల్దేరడానికి నెల ముందే కొని రోజూ తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లు రెండో రోజే బొబ్బలు తెస్తాయి. కాలు వెచ్చగా రుద్దుకుంటోందని అనిపించిన క్షణమే ఆగి టేపు వేయండి. బొబ్బ లేచాక వేసే టేపు ఉపయోగం సగమే.

చలికి ఫోన్ బ్యాటరీ కూలబడుతుంది. రాత్రి ఫోన్‌ను, పవర్ బ్యాంక్‌ను స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి.

శాకాహారులకు తిండి ఇబ్బందా? నీళ్లు?

ఇబ్బంది ఏమీ లేదు, నిజానికి శాకాహారమే క్షేమం. పైన వండే మాంసం కింది నుంచి ఎన్ని రోజులు మోసుకొచ్చిందో తెలియదు. అన్నం, పప్పు, కూరతో వచ్చే దాల్ భాత్ మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. 4000 మీటర్ల పైన ఆకలి చచ్చిపోతుంది, చప్పటి పప్పు గొంతు దిగదు. అప్పుడు 200 గ్రాముల కందిపొడి, చిన్న సీసా నిమ్మకాయ పచ్చడి మందులా పనిచేస్తాయి. పచ్చడి సీసాకు మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి, రెండు కవర్లలో చుట్టండి. ఎత్తుకు పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి నూనె పైకి తన్నుతుంది, స్లీపింగ్ బ్యాగ్‌కు అంటితే వదలదు. పల్లీ చిక్కీ కనుమ రోజుకు అట్టేపెట్టండి.

రోజుకు 3 నుంచి 4 లీటర్ల నీళ్లు తాగాలి. కుళాయి, వాగు నీళ్లయితే క్లోరిన్ మాత్ర వేసి అరగంట, నీళ్లు బాగా చల్లగా ఉంటే గంట ఆగాలి. 5000 మీటర్ల దగ్గర నీళ్లు 83, 84 డిగ్రీలకే మరుగుతాయి. సూక్ష్మజీవులు చావడానికి అది చాలు, అన్నం ఉడకడానికే ప్రెషర్ కుక్కర్ కావాలి.

కనుమ దాటే రోజు ఎలా ఉంటుంది?

ఫేది నుంచి తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య బయల్దేరాలి. పది దాటితే పైన గాలి నిలవనివ్వదు. కనుమకు 970 మీటర్ల ఎక్కుడు, నాలుగు నుంచి ఆరు గంటలు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం మాత్రమే కాబట్టి పది అడుగులకోసారి ఆగడం సహజం. హై క్యాంప్ (సుమారు 4880) లో పడుకుంటే ఉదయం ఎక్కుడు తగ్గుతుంది, కానీ యాక్ ఖర్కా నుంచి ఒక్కసారే 800 మీటర్లు పెరుగుతుంది. యాక్ ఖర్కాలో సుఖంగా నిద్రపట్టినవాళ్లు తప్ప అటు పోవద్దు.

సంచిలోంచి గొట్టంతో నీళ్లు తాగే ఏర్పాటు ఆ ఉదయం పనిచేయదు, గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి. బాటిల్‌ను తలకిందులుగా పెట్టండి: గడ్డ బాటిల్ అడుగు వైపు కడుతుంది, మూత తెరుచుకుంటుంది. దిగుడు 1600 మీటర్లకు పైనే, మోకాళ్లకు అసలు పరీక్ష ఇక్కడ. కర్రలు కొంచెం పొడుగు చేసుకుని చిన్న అడుగులు వేయండి. పైన ఫోటోలకు పావుగంట చాలు.

తిలిచో సరస్సును కలుపుకోవచ్చా?

మూడు రోజులు అదనంగా ఉంటే తప్పకుండా. మనాంగ్ నుంచి శ్రీ ఖర్కా (4060), తర్వాత తిలిచో బేస్ క్యాంప్ (4150), అక్కడి నుంచి 4919 మీటర్ల ఎత్తున్న సరస్సుకు పోయి రావడం. ఆ తర్వాత తోరంగ్ లా ఎక్కేటప్పుడు శరీరం చాలా సిద్ధంగా ఉంటుంది. శ్రీ ఖర్కాకు, బేస్ క్యాంప్‌కు మధ్య జారే మట్టి చరియల మీద సన్నని కాలిబాట ఉంది. ఉదయం గాలి లేవకముందే, మనిషికీ మనిషికీ ఎడం ఉంచుకుని, ఆగకుండా దాటాలి.

ఇంటి దగ్గర ఎలా సాధన చేయాలి?

తెలుగు నేల మీద ఏ కొండా 1700 మీటర్లు దాటదు, అందుకని ఎత్తుకు ఇక్కడ అలవాటు పడటం కుదరదు. కాళ్లను మాత్రం తయారు చేసుకోవచ్చు. మూడు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు 8 కిలోల సంచితో గంట సేపు మెట్లెక్కండి. దిగేటప్పుడు లిఫ్ట్ వాడకండి, తొడ కండరాలు గట్టిపడేది దిగుడులోనే. తిరుపతి దగ్గరుంటే అలిపిరి 3550 మెట్లు సరైన కొలత. సంచితో ఎక్కి, అదే రోజు నడిచి దిగి, మర్నాడు మళ్లీ రెండు గంటలు నడవగలిగితే కాళ్లు సిద్ధమైనట్టే.

అమ్మానాన్నలు ముక్తినాథ్ వచ్చి మమ్మల్ని కలవొచ్చా?

108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి చాలా కుటుంబాలు ఇది అడుగుతాయి. రావొచ్చు, పోఖరా నుంచి జీపులో. కానీ వాళ్లకు మీకన్నా ఎక్కువ ప్రమాదం: మీరు పది రోజుల్లో ఎక్కిన ఎత్తుకు వాళ్లు ఒక్క పగటిలో వస్తారు. పోఖరా 800 మీటర్ల చిల్లర, గుడి 3700 పైన. దారిలో మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒకటి రెండు రాత్రులు ఆపి, ఉదయం పైకొచ్చి దర్శనం చేసుకుని, రాత్రికి మళ్లీ జోమ్‌సోమ్ దిగిపోయేలా చూడండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే డాక్టర్ మాట విన్నాకే టికెట్. జీపు ఆగే రాణీపౌవా నుంచి గుడికి నడక ఉంది, గుర్రాలు దొరుకుతాయి. 108 ధారల కింద స్నానం గడ్డకట్టే నీళ్లలో. పెద్దవాళ్లు తల మీద చల్లుకుంటే చాలు. మీరు కనుమ రోజుకు ఖాళీ రోజులు వాడితే తేదీ మారుతుంది కాబట్టి వాళ్లని జోమ్‌సోమ్‌లో ఆగమనండి, మీ కోసం పైన కాదు.

బీమాలో ఏం చూడాలి?

ఎత్తు పరిమితి. కొన్ని పాలసీలు 3000 మీటర్ల దగ్గర, మరికొన్ని 5000 దగ్గర ఆపేస్తాయి. మీకు కనీసం 5500 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు రెండూ రాతపూర్వకంగా కావాలి. హెలికాప్టర్ ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. పిలవడానికి ముందు వీలైతే బీమా కంపెనీ అత్యవసర నంబర్‌కు ఫోన్ చేసి అనుమతి నంబర్ తీసుకోవాలి. కొంచెం కడుపు నొప్పికే హెలికాప్టర్ ఎక్కమని తొందరపెట్టే వాళ్లూ ఉంటారు, నడిచి దిగగలిగినవాళ్లు నడిచే దిగండి.

తిరుగు టికెట్ ఎప్పటికి బుక్ చేసుకోవాలి?

కాళీగండకి లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి ముదురుతుంది, అందుకే జోమ్‌సోమ్ నుంచి పోఖరా విమానాలు ఉదయం పూటే. మబ్బు పడితే వరుసగా రద్దవుతాయి. జీపులో, బస్సులో దిగితే ఒక పగలు పడుతుంది, వానాకాలంలో చరియ పడితే ఇంకా ఎక్కువ. కాఠ్‌మాండూ నుంచి ఇంటికి పోయే విమానం, ప్లాన్ ప్రకారం పోఖరా చేరే రోజుకు కనీసం నాలుగు రోజుల తర్వాతికి తీసుకోండి, అదీ తేదీ మార్చుకునే వీలున్నది.